మూసుకుపోతాయట

మా యంత్రం మా ఆయన మాటకి "అట" అన్నది ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళ. ఇంకా పప్పులోనే ఉన్నాం, చారు దాకా రాలేదు.

యంత్రమంటే పెద్దదేమీ కాదు. తలకి చుట్టుకునే పట్టీ ఒకటి, గుప్పెట్లో పట్టే డబ్బా ఒకటి. పట్టీకి వెనకవైపు ఆరు బిళ్ళలుంటాయి. మనిషి తను చూసిన సంగతి చెబుతున్నప్పుడు తల వెనక భాగంలో ఒక చిన్న కదలిక వస్తుంది. విన్నదో, చదివిందో, ఊహించిందో చెబుతుంటే ఆ కదలిక రాదు. కదలిక వస్తే డబ్బా మీద పచ్చదీపం వెలుగుతుంది. రాకపోతే డబ్బా "అట" అంటుంది. ఆ గొంతు మా ప్రయోగశాల సహాయకుడు బెనర్జీది. కాకినాడ దగ్గర ఒక విద్యా పరిశోధన కేంద్రంలో ఎనిమిదేళ్ళు కూర్చుని నేను చేసిన పని ఇదీ. దానికి "ఆనవాలు" అని మంచి పేరే పెట్టాను. కేంద్రంలో అందరూ అట పెట్టె అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను.

ఎందుకు చేశానంటే మన చదువుల మీద కడుపుమంటతో చేశాను. వచ్చాడు అంటే చూసినట్టు, వచ్చాడట అంటే విన్నట్టు. వీధిలో కూరలమ్మే ఆవిడ కూడా ఈ తేడా తప్పకుండా పాటిస్తుంది. పుస్తకాలు రాసేవాళ్ళు మాత్రం పాటించరు. మాట అచ్చులోకి వెళ్ళేసరికి ఆ "ట" కాస్తా రాలిపోతుంది. చదివేవాడు దాన్ని కంఠతా పట్టి, పెద్దవాడై, తను చూసినట్టే ఇంకొకడికి చెబుతాడు. నేనూ అలా చదువుకున్నదాన్నే. ఆ రాలిపోయిన అక్షరాన్ని ఎక్కడికక్కడ తిరిగి అతికించాలని నా పంతం.

పన్నెండు రోజుల్లో ప్రభుత్వం వేసిన కమిటీ మా కేంద్రానికి రావాలి. వాళ్ళు సరేనంటే పాఠ్యపుస్తకాలు రాసే ప్రతివారూ, డాక్టరేటుకి వెళ్ళే ప్రతివారూ ఈ పట్టీ కట్టుకుని తమ మాట చెప్పుకోవాల్సిందే. ఆ హడావుడిలో బెనర్జీ ఆదివారం కూడా డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. భోజనం చేసి వెళ్ళమన్నాను.

"ఇలా తే, నేనూ కట్టుకుంటా," అన్నారు మా ఆయన త్రిమూర్తులు గారు. ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు. సరదా మనిషి.

పట్టీ కట్టుకుని, "మా తాత ఏడడుగుల మనిషి," అన్నారు.

"అట," అంది డబ్బా. ఈయన పుట్టేసరికే తాతగారు పోయారు.

"బెనర్జీ నీలం చొక్కా వేసుకొచ్చాడు."

పచ్చదీపం వెలిగింది.

"భూమి గుండ్రంగా ఉంటుంది."

"అట."

"అట అంటే అబద్ధమని కాదండి మాస్టారూ," అన్నాడు బెనర్జీ తన గొంతుని తనే సమర్థించుకుంటూ. "మీరు చూళ్ళేదని, అంతేనండి."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, నా వైపు చూసి, "పప్పులో ఉప్పు తక్కువైంది," అన్నారు.

"అట," అంది డబ్బా.

ముగ్గురం పడీ పడీ నవ్వాం. "చూశారా, నా యంత్రం నా వైపే," అన్నాను నేను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకో ముందు ముందు చెబుతాను.

నవ్వు ఆగాక ఆయన గొంతు సవరించుకుని తన పాఠం ఎత్తుకున్నారు. "పోటు రావడానికి గంట ముందే పీత తన కన్నాన్ని మట్టితో మూసుకుంటుంది. ఇది నేను చూశాను."

"అట," అంది డబ్బా.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ వాక్యం సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళ కిందట ఆయన కోరంగి మడ అడవిలో నెల రోజులు తిరిగి పీతల మీద పరిశోధన చేశారు. సముద్రపు నీరు ఎగదన్నే పోటుకి ముందే పీతలు జాగ్రత్తపడి కన్నాలు మూసుకుంటాయని ఆయన తేల్చారు. దాని మీదే డాక్టరేటు వచ్చింది, దాని మీదే ఉద్యోగం వచ్చింది. పద్నాలుగేళ్ళుగా ఎనిమిదో తరగతి పుస్తకంలో "ముందుచూపున్న పీత" అనే పాఠం ఉంది. రాసింది ఈయనే. "పీత ముందుచూపును వివరింపుము" అని ఏటా నాలుగు మార్కుల ప్రశ్న వస్తుంది. మా చుట్టాలు ఆయన్ని పీతల మాస్టారంటారు. పెళ్ళిళ్ళలో ఎవరి పిల్లో వచ్చి ఆ పాఠం అప్పజెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోతుంది.

ఆయన పట్టీ విప్పి మెల్లగా బల్ల మీద పెట్టారు. "ఎక్కడో తేడా ఉంది, చూసుకోండి," అని మజ్జిగ పోసుకున్నారు.

మర్నాడు బెనర్జీ డబ్బా విప్పి ప్రతి తీగా పరీక్షించాడు. నేను రిజిస్టరు తిరగేశాను. నాలుగు వందల పన్నెండు మందిని పరీక్షించాం. ఒక సంచిలో వస్తువులు పెట్టి సగంమందికి తెరిచి చూపించాం, సగంమందికి నోటితో చెప్పాం. తర్వాత పట్టీ కట్టి సంచిలో ఏముందో చెప్పమన్నాం. నాలుగు వందల తొమ్మిది మంది విషయంలో డబ్బా సరిగ్గానే చెప్పింది. మిగిలిన ముగ్గురి పేర్ల పక్కన "పట్టీ జారింది" అని నా చేతిరాతే ఉంది.

"డబ్బాలో తేడా ఏమీ లేదండి మేడమ్ గారూ," అన్నాడు బెనర్జీ, నా ముఖం వైపు చూడకుండా.

డబ్బా ఒప్పయితే నా మొగుడు చూడనిదాన్ని చూశానని రాసి బతుకుతున్నట్టు. డబ్బా తప్పయితే నా ఎనిమిదేళ్ళూ బూడిదలో పోసినట్టు. పన్నెండో రోజున కమిటీ ముందు నిలబడి ఏదో ఒకటి చెప్పాలి. ఇంట్లో ఇద్దరిలో ఎవరో ఒకరే మిగిలేట్టుంది.

ఆ సాయంత్రం అడిగాను. "నిజం చెప్పండి. చూశారా?"

"చూశాను హైమా. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తుంది. చిన్న ఉండ చేసుకుని, ఇలా లాక్కుంటుంది."

"అయితే ఇంకోసారి పట్టీ కట్టుకోండి."

"కట్టుకోను."

కోపంగా అనలేదు. అంతకన్నా అన్యాయంగా, మర్యాదగా అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు ఆ మర్యాదే. "కొంచెం మంచినీళ్ళిస్తావా" అని అడగడం మొదలుపెట్టారు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆ "ఇస్తావా" నేనెప్పుడూ వినలేదు. దెబ్బలాడుకున్నా బాగుండేది.

బుధవారం కాలేజీ నుంచి పెందరాళే వచ్చారు. అటక మీది పెట్టె దింపి, తుమ్ముతూ, దగ్గుతూ పాత నోటుపుస్తకాలన్నీ వరండాలో పరిచారు. నా డబ్బా తప్పని రుజువు చెయ్యడానికే వెతుకుతున్నారని నాకు తెలుసు. వెతుక్కోనీ అని నేను బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. గంట తర్వాత ఆయన లేచి వచ్చి, ఒక పుస్తకం తెరిచి నా చేటలో, బియ్యం మీదే పెట్టారు.

నీళ్ళు తగిలి అట్ట ఉబ్బిపోయింది. మధ్య పేజీలో, పెన్సిలుతో, ఆయన కుర్రతనపు రాతలో ఒక్క వాక్యం ఉంది. "పోటు రాకముందు కన్నాలు మూసుకుపోతాయట — మంగాయమ్మ."

చివర "ట" స్పష్టంగా కనిపిస్తోంది.

ఆయన గడప మీద కూర్చున్నారు. "పీతల్ని కొలిచాను. కన్నాలు లెక్కపెట్టాను. అన్నీ చేశాను. పోటు వేళకి మాత్రం పడవ సరంగు మమ్మల్ని బురదలో ఉండనిచ్చేవాడు కాదు. నీరు ఎగదన్నేలోగా పడవెక్కించేసేవాడు. పొద్దున చూస్తే కన్నాలు తెరిచి ఉండేవి. నీరు తీశాక వెళ్ళి చూస్తే మూసి ఉండేవి. తవ్వితే పీత లోపలే ఉండేది. మరి ఎవరు మూశారు? పీతే మూసుకోవాలి కదా! అక్కడ పీతలు పట్టే మంగాయమ్మ కూడా అదే అంది. రాసేశాను."

"మరి కనిపిస్తుందన్నారు?"

"ఇరవయ్యేళ్ళు పాఠం చెప్పాను హైమా. బోర్డు మీద బొమ్మ గీసి గీసి చెప్పాను. ఆ బొమ్మే కనిపిస్తోందో ఏమో."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకు ఆయన మీద జాలి కలగాల్సింది. కలిగింది కూడా. కానీ దానికన్నా ముందు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా యంత్రం గెలిచిందని సంతోషం కలిగింది. ఆయన ఇరవయ్యేళ్ళుగా నమ్మిన బొమ్మని కూడా అది పట్టేసింది! చేటలో బియ్యం అలాగే పట్టుకుని కూర్చున్నాను, నవ్వు ముఖం మీదికి రాకుండా చూసుకుంటూ.

"మంగాయమ్మ ఉందా ఇంకా?" అన్నాను.

ఉంది. కనుక్కుంటే తాళ్ళరేవు అవతల పాయ ఒడ్డున కొడుకు దగ్గర ఉంటోందని తెలిసింది. శుక్రవారం బెనర్జీని, డబ్బాని తీసుకుని ముగ్గురం బయల్దేరాం. దారి పొడుగునా నేను మనసులో ఉపన్యాసం తయారుచేసుకుంటున్నాను. డాక్టరేటు ఉన్నాయన మాటకి "అట" అన్న యంత్రం, ఓనమాలు రాని పీతలావిడ మాటకి పచ్చదీపం వెలిగించింది అని కమిటీతో చెబితే ఎంత బాగుంటుంది! మా ఆయన పేరు ఎత్తకుండా చెప్పొచ్చులే అని కూడా అనుకున్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

మంగాయమ్మకి డెబ్భై దాటి ఉంటాయి. చూరు కింద కూర్చుని పీతల కాళ్ళు నారతో కడుతోంది. మా ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది.

"పుత్తకాల బాబు కదా! రాండి బాబూ రాండి. జుట్టంతా ఏవైపోయింది మీకు?"

ఆయన వారం రోజుల్లో మొదటిసారి నవ్వారు. నేను వచ్చిన పని చెప్పాను. ఆవిడ చేతులు కడుక్కుని, పట్టీ కట్టించుకుని, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుంది.

"పోటు రాకముందు కన్నాలు ఏమవుతాయి మంగాయమ్మా?" అన్నాను.

"మూసుకుపోతాయమ్మా."

"అట," అంది డబ్బా.

"పట్టీ జారినట్టుంది, సరిచెయ్యి," అన్నాను బెనర్జీతో.

వాడు వెనక్కి వెళ్ళి, వంగి చూశాడు. "జారలేదండి."

"ఇంకోసారి చెప్పు మంగాయమ్మా. పీత కన్నంలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?"

"ఉంటే మట్టి అంచు గట్టిగా ఉంటాదమ్మా. లేపోతే జావ."

"అట."

"ఆడపీత కన్నం వాలుగా పోద్ది."

"అట."

ఏం చెప్పినా అట. ఆవిడ మొదట నవ్వింది, తర్వాత చుట్టూ చూసింది, తర్వాత ముఖం చిన్నబుచ్చుకుంది. "ఎవరమ్మా లోపల, నా మాటకల్లా దీర్గాలు తీత్తన్నాడు? నన్నబద్దాలకోరంటన్నాడా? అరవయ్యేళ్ళ నుంచీ ఈ బురదలోనే ఉన్నాను నేను."

"అబద్ధమని కాదు. మీరు చూశారా అని అడుగుతోంది, అంతే," అన్నాను.

"సూడకేం? కాలెట్టి సూత్తాను."

"కాలుతోనా?"

"మరేంటమ్మా? ఆ బురదనీట్లో కళ్ళెందుకు పనికొత్తాయి? కాలెట్టి సూడాలి, సెయ్యెట్టి సూడాలి. మీరు కూరలో ఉప్పు కళ్ళతో సూత్తారేటమ్మా?"

నాకు ఆదివారం నాటి భోజనం గుర్తొచ్చింది.

పప్పులో ఉప్పు తక్కువైంది. అట. ముగ్గురం నవ్వాం. ఆయన నోట్లో ముద్ద ఉంది, నాలుక మీద రుచి ఉంది, ఎదుటే కూర్చుని ఉన్నాం. నా యంత్రం నా కళ్ళ ముందే తప్పు చెప్పింది. యంత్రం తప్పు చెప్పదని నేను ముందే అనుకున్నాను కాబట్టి అది నాకు వేళాకోళంలా వినబడింది. ఉప్పు చూడు, వేడి ఉందేమో పట్టుకు చూడు, తలుపు తట్టి చూడు అని రోజుకి వందసార్లు అనేదాన్ని. చూడటమంటే కళ్ళతోనేనని ఎనిమిదేళ్ళ కిందట ఎప్పుడో ఒకరోజు అనుకున్నాను. అనుకుని బిళ్ళలన్నీ తల వెనక్కి పెట్టేశాను. చేతికీ కాలికీ నాలుకకీ తెలిసిన సంగతులు తలలో ఇంకెక్కడో ఉంటాయి. అక్కడ నా బిళ్ళ ఒక్కటి కూడా లేదు.

"బెనర్జీ," అన్నాను, "రిజిస్టర్లో ఆ ముగ్గురు గుర్తున్నారా? తేడా వచ్చినవాళ్ళు?"

"గుర్తేనండి. ఆవేళ కరెంటు పోయిందండి. గదికి కిటికీల్లేవు కదండి. సంచిలో చెయ్యెట్టి తడుముకున్నారండి ముగ్గురూనూ. అన్నీ కరెక్టుగా చెప్పారండి. డబ్బా అట అందండి."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పానండి," అన్నాడు వాడు నెమ్మదిగా. "మీరు పట్టీ జారుంటుందన్నారండి."

జారుంటుందన్నాను. రిజిస్టర్లో జారింది అని రాశాను. నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. మా ఆయన రాలగొట్టింది ఒక్క "ట". నేను మొత్తం "ఉంటుంది"నే మింగేశాను. ఆయనది పెన్సిలుతో అయినా ఎక్కడో మిగిలి ఉంది. నాది అదీ లేదు.

ఆయన నా వైపు చూశారు. ఆయనకంతా అర్థమైందని తెలిసింది. నేను ఏమీ అనకముందే ఆ సంగతి వదిలేసి ఆవిడ వైపు తిరిగారు.

"మంగాయమ్మా, అప్పుడు నువ్వు నాకు చెప్పింది ఇదే కదా? పోటు రాకముందు పీతలు కన్నాలు మూసుకుంటాయని?"

"నానెప్పుడన్నానండీ?" ఆవిడ మళ్ళీ చేతిలోకి తీసుకున్న నార వదిలేసింది. "మూసుకుపోతాయన్నాను. మూసుకుంటాయనలేదు."

"రెండూ ఒకటే కదా?"

"ఒకటెలాగవుద్ది బాబూ? మీరు తలుపు మూసుకోడం ఏరు, గాలికి తలుపు మూసుకుపోడం ఏరు. నీరు పైనుంచి రాకముందే అడుగునుంచి ఊరుతాది. మట్టి జావైపోద్ది. కన్నం కూలిపోద్ది. పీతకేం తెలుసండీ పాపం? అది లోపల తొంగుంటాది. నీరు తీసాక మల్లీ తవ్వుకుంటాది."

ఆయన జేబులోంచి పాత నోటుపుస్తకం తీసి ఆ పేజీ చూసుకున్నారు. మూసుకుపోతాయట. విన్నది విన్నట్టే రాసుకున్నారు. పరిశోధన గ్రంథంలోకి వెళ్ళేసరికి "ట" రాలింది, పాఠంలోకి వెళ్ళేసరికి "పోతాయి" కాస్తా "కుంటాయి" అయి కూర్చుంది. ముందుచూపు ఎక్కడా లేదు. ఆ పీతకి ముందుచూపు ఇచ్చింది ఈయనే.

"పద్నాలుగేళ్ళు," అన్నారు. "ఏడాదికి ఎన్ని లక్షల మంది పిల్లలు రాసుంటారు హైమా ఈ జవాబు?"

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పరాయి ఇంటి ముందు, బెనర్జీ చూస్తుండగా అలా పట్టుకోవడం మాకు అలవాటు లేదు. ఆయన వదిలించుకోలేదు.

బయల్దేరబోతుంటే మంగాయమ్మే అంది. "రేపు పదకొండింటికి పోటు. నా మాటెందుకు, అట మాటెందుకు? వచ్చి సూడండి."

శనివారం పొద్దున్నే ఆవిడ మనవడి పడవలో పాయలోకి వెళ్ళాం. ఇరవై రెండేళ్ళ కిందట సరంగు ఆయన్ని తరిమేసిన చోటే. ఈసారి తరిమేవాళ్ళు లేరు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఆయన, చీర కుచ్చిళ్ళు దోపుకుని నేను బురదలో నిలబడ్డాం. మంగాయమ్మ నలభై కన్నాలు ఎంచి పక్కన పుల్లలు పాతింది. ఒక్కో కన్నం దగ్గర ఏం జరుగుతుందో రాయడం నా వంతు. మొదటి అరగంట ఏమీ జరగలేదు. దోమలు మాత్రం కుట్టాయి.

తర్వాత నా కాలి కింద మట్టి చల్లబడింది. నీరు ఇంకా వంద గజాల దూరంలో ఉంది. ఇక్కడ మాత్రం వేళ్ళ సందుల్లోంచి మట్టి మెత్తగా పైకి వచ్చింది. ఆ క్షణంలో పట్టీ కట్టుకుని "మట్టి చల్లబడింది" అంటే నా యంత్రం నాతో కూడా "అట" అనేది. నాకు తెలిసినంత గట్టిగా మాత్రం ఆ సంగతి లోకంలో ఎవరికీ తెలియదు.

"కూలింది," అన్నారాయన. మొదటి పుల్ల దగ్గర కన్నం అంచు లోపలికి జారి పూడుకుపోయింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసగా నాలుగు. మంగాయమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది, పరీక్షలో తన పిల్లలు పాసవుతున్నట్టు.

పదిహేడో పుల్ల దగ్గర ఆయన గొంతు మారింది. "హైమా, ఇటు రా. మెల్లగా."

బొటనవేలంత చిన్న పీత ఒకటి బయటికి వచ్చింది. మట్టి గీకింది. ఉండ చేసింది. ఉండని లాక్కుంటూ వెనక్కి నడిచి కన్నంలోకి దిగి, పైన మూతలా పెట్టుకుంది. మూసుకుంది. ఆయన బోర్డు మీద గీసే బొమ్మ అచ్చు అదే.

నేను ఆయన ముఖం చూశాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇదెప్పుడూ సూళ్ళేదమ్మా నేను," అంది మంగాయమ్మ, తనే కొంచెం చిన్నబోయి. "ఈ సన్నపీతలు మాకెందుకూ పనికిరావు. వాటికేసి సూత్తే గదా!"

నీరు వచ్చేసరికి లెక్క తేలింది. ముప్ఫై ఒక్క కన్నాలు కూలిపోయాయి. ఆరింటిని పీతలే మూసుకున్నాయి, ఆరూ ఆ సన్నపీతలే. మూడు తెరిచే ఉండిపోయాయి, ఎందుకో ఎవరికీ తెలియదు.

పడవలో నేను ఉండబట్టలేక అన్నాను. "ఆరు మూసుకున్నాయి కదండీ. మీరు రాసింది పూర్తిగా తప్పు కాదు. కమిటీకి కూడా..."

"ఒక్క పోటు చూశాం. ఇంకో పది చూశాక మాట్లాడదాం." ఆయన కాళ్ళ బురద పాయలో కడుక్కుంటూ అన్నారు. "సరిపోయింది కదాని చూశానని చెప్పడమే నేను చేసిన తప్పు. మళ్ళీ చేయించకు."

కన్నాల దగ్గర రాసిన లెక్కని నేను ఏమీ దిద్దలేదు. ముప్ఫై ఒకటి, ఆరు, మూడు. మూడో అంకె పక్కన "తెలియదు" అని రాసి ఉంది.

కమిటీ అనుకున్న రోజునే వచ్చింది. ఐదుగురు పెద్దలు, పూలగుత్తులు, ఫోటోలు. అధ్యక్షుడు గారికి నేనే పట్టీ కట్టి, ఒక గ్లాసు మజ్జిగ చేతికిచ్చాను. ఆయన ఒక గుక్క తాగి ముఖం చిట్లించారు.

"ఉప్పు వెయ్యలేదేమిటమ్మా ఇందులో?"

"అట," అంది డబ్బా.

అందరూ నవ్వారు, అచ్చం మా ఇంట్లో నవ్వినట్టే. ఆ నవ్వు ఆగేదాకా ఉండి నేను మొత్తం చెప్పాను. ఉప్పు సంగతి, సంచి సంగతి, మంగాయమ్మ కాలి సంగతి. రిజిస్టరు తెరిచి "పట్టీ జారింది" అన్న మూడు చోట్లూ చూపించి, ఇవి నేను చూడకుండా రాసినవి అన్నాను. ఈ పట్టీ ఇప్పుడున్నట్టుగా బళ్ళలోకి వెళితే చేత్తో పనిచేసి నేర్చుకున్నవాళ్ళందరినీ అబద్ధాలకోరుల్ని చేస్తుంది, పంపకండి అన్నాను. అధ్యక్షుడు గారు మర్యాదస్తులు. మిగిలిన మజ్జిగ తాగేసి, "నిజాయితీగా చెప్పారమ్మా," అన్నారు. నెల తిరక్కుండా ప్రాజెక్టు మూసేశారు. బెనర్జీని గ్రంథాలయానికి మార్చారు. వెళ్ళేరోజు డబ్బాని తన చొక్కా గుడ్డతో తుడిచి బీరువాలో పెట్టి, "నా గొంతు జాగ్రత్తండి మేడమ్ గారూ," అన్నాడు. వాడు వెళ్ళాక ఆ గదిలో కూర్చుని ఏడ్చాను. ఎనిమిదేళ్ళు ఊరికే పోలేదని ఎవరెవరో అన్నారు. నాకు మాత్రం పోయినట్టే ఉంది.

మా ఆయన విశ్వవిద్యాలయానికి ఒక ఉత్తరం, పాఠ్యపుస్తకాలవాళ్ళకి ఒక ఉత్తరం రాశారు. నోటుపుస్తకంలో పేజీ ఫోటో తీసి రెంటికీ జతచేశారు. పుస్తకాలవాళ్ళు జవాబిచ్చారు. ఈ ఏటికి పుస్తకాలు అచ్చయిపోయాయి, పిల్లలు ముందుచూపున్న పీతనే చదువుతారు, వచ్చే ఏటికి కొత్త పాఠం పంపమన్నారు. ఆయన పంపారు. పోటు ముందు కన్నాల దగ్గర నిలబడితే ఏమేం కనిపించిందో, కాలికి ఏం తగిలిందో, ఏం తెలియలేదో అందులో ఉంది. మంగాయమ్మ పేరు ఉంది. కొన్ని కన్నాలు తెరిచే ఎందుకు ఉండిపోయాయన్న చివరి ప్రశ్నకి జవాబు ఇవ్వలేదని, నాలుగు మార్కులు ఎలా వెయ్యాలని వాళ్ళు మళ్ళీ రాశారు. ఆ ఉత్తరాలు ఇంకా నడుస్తున్నాయి. ఇప్పుడు చుట్టాల పెళ్ళిళ్ళలో పిల్లలు పాఠం అప్పజెబితే ఆయన ఆపి, "ఎవరు చూశారు?" అని అడుగుతారు. పిల్లలు బిక్కమొహం వేస్తారు. వాళ్ళ తల్లులకి ఆయనంటే మునుపటి ఇష్టం లేదు.

మొన్న పదకొండో పోటు చూసి వచ్చాం. మధ్యాహ్నం ఇద్దరమే భోజనానికి కూర్చున్నాం. పప్పు ఆయనే చేశారు, నేను బురద బట్టలు ఉతుకుతుంటే. ముద్ద నోట్లో పెట్టుకుని తృప్తిగా తలాడించారు.

"ఉప్పు సరిగ్గా పడింది."

"అట," అన్నాను, బెనర్జీ గొంతుతో.

ఆయన నవ్వలేదు. పప్పు కలిపిన ముద్ద ఒకటి నా చేతిలో పెట్టి, "చూడు," అన్నారు.

చూశాను. కొంచెం తక్కువే.